ముందు పరుపు సంగతి చూడు

చిరంజీవి బాబుకి పెద్దమ్మ ఆశీస్సులు.

వారానికి రెండుసార్లు ఇల్లంతా దులుపుతున్నా పొద్దున లేస్తూనే తుమ్ములు తప్పడం లేదని రాశావు. ఆ దులపడంలోనే సగం తప్పుంది నాయనా. పైగా నీకు తుమ్ములు వచ్చే వేళ చూస్తే, గొడవ అల్మరా మీది దుమ్ముతో కాదు, నువ్వు పడుకునే పరుపుతో అనిపిస్తోంది.

పరుపుల్లో, దిండ్లలో డస్ట్ మైట్లు అనే పురుగులుంటాయి. పొడవు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టే వాటి తిండి. నీళ్లు తాగవు, గాలిలో తేమను ఒంటికి పట్టించుకుని బతుకుతాయి. కరవవు, కుట్టవు. వాటి రెట్టలో ఉండే ప్రోటీన్లు మనకు పడవు, అంతే. ఇంటి దుమ్ము పడకపోవడానికి అసలు కారణం చాలావరకు ఇవేనని 1960ల్లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు తేల్చారు. రాత్రి ఏడెనిమిది గంటలు వాటికే ముక్కు ఆనించి పడుకుంటాం కాబట్టి హాలు తళతళలాడినా లాభం లేదు, పడకగదితోనే మొదలుపెట్టాలి.

పరుపుకీ ప్రతి దిండుకీ జిప్పు ఉన్న, అన్ని వైపులా మూసుకునే అలర్జీ కవర్లు కొను. నేత సందు 10 మైక్రాన్ల కంటే తక్కువని కవరు మీద రాసి ఉండాలి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మామూలు నూలు గలీబులోంచి ఆ రెట్ట సులువుగా బయటికొస్తుంది. పరుపుకి వేసి దిండ్లను వదిలేయడం అందరూ చేసే పొరపాటు. జిప్పు చివర చిన్న సందు మిగులుతుంది, దాని మీద టేపు అంటించు. ఈ కవర్లను తరచూ ఉతకనక్కర్లేదు, దుప్పటి మార్చినప్పుడల్లా తడిగుడ్డతో తుడిస్తే చాలు.

పైన పరిచే దుప్పట్లు, కప్పుకునేవి, గలీబులు మాత్రం వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకాలి. చన్నీళ్లలో ఉతికితే రెట్ట చాలావరకు కొట్టుకుపోతుంది కానీ పురుగు చావదు, నాలుగు రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. వేడికి ఆగని బొమ్మల్లాంటివి సంచిలో కట్టి ఒక రోజంతా ఫ్రీజర్‌లో పెట్టు, తర్వాత ఉతుకు. ఉతకడం మానకు. పురుగు చచ్చినా దాని ఒళ్లు, అది వదిలిన రెట్ట ఇబ్బంది పెడుతూనే ఉంటాయి. పరుపు ఎండలో వేస్తే తేమ ఆరుతుంది, మంచిదే. కాకపోతే ఆ వేడి లోపలి పొరల దాకా పోదు, కాబట్టి ఎండబెట్టాం కదా అని కవరు మానేయకు. పొద్దున లేచిన వెంటనే పక్క సర్దేయడం కూడా మంచిది కాదు. దుప్పటి మడిచి కాళ్ల వైపుకి నెట్టి ఒక గంట వదిలేస్తే రాత్రి చెమట ఆరిపోతుంది.

ఇక శుభ్రం చేసే పద్ధతి. ఎన్95 మాస్కు పెట్టుకో, గుడ్డ కట్టుకుంటే చాలదు. పొడిచీపురు, ఈకల బ్రష్షు పక్కన పెట్టెయ్. అవి దుమ్మును తీయవు, లేపుతాయి. పైనుంచి కిందికి రావాలి: ఫ్యాను, అల్మరా పైభాగం, కిటికీ అంచులు, చివర్న నేల. ఫ్యాను రెక్కకు పాత గలీబు తొడిగి, రెండు వైపులా నొక్కి పట్టి లాగు, దుమ్మంతా గలీబు లోపలే పడుతుంది. మిగతా వాటికి రెండు బకెట్లు పెట్టుకో, ఒకదాంట్లో కొద్దిగా డిటర్జెంటు కలిపిన నీళ్లు, రెండోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. జాడించే నీళ్లు మురికెక్కగానే మార్చాలి, లేకపోతే ఒక గది దుమ్మును ఇంకో గదికి పూసినట్టే. గుడ్డను చుక్క కారకుండా పిండు. పనయ్యాక అరగంట ఆ గదిలోకి వెళ్లకు, లేచిన దుమ్ము ఆలోపు చాలావరకు కిందకి దిగుతుంది.

మైట్ల దుమ్ము బరువుగా ఉండి త్వరగా దిగిపోతుంది కాబట్టే గాలి శుద్ధి చేసే యంత్రం ఒక్కటీ కొని ఊరుకుంటే పెద్దగా ఉపయోగం కనిపించదు. పిల్లి ఉన్న ఇంట్లో సంగతి వేరు, దాని నుంచి వచ్చే రేణువులు చాలా సన్నం, గంటల తరబడి గాలిలోనే తేలుతుంటాయి. అక్కడ ఆ యంత్రం కొంత పనికొస్తుంది. ఓజోన్ వదిలే రకం మాత్రం ఎవరు ఎంత పొగిడినా కొనకు, అది ఊపిరితిత్తులకే చేటు.

వ్యాక్యూమ్ క్లీనర్ వాడితే హెపా ఫిల్టరు ఉన్నదే వాడు. అది 0.3 మైక్రాన్ల రేణువులను కూడా 99.97 శాతం ఆపుతుంది. మామూలు ఫిల్టరైతే ముందు నుంచి పీల్చిన సన్నదుమ్మును వెనక నుంచి వదులుతుంది. డబ్బా ఇంటి బయటే ఖాళీ చెయ్. కార్పెట్‌ను ఎంత పీల్చినా అడుగున ఉన్నది అంతా రాదు. పడకగదిలో ఉంటే తీసెయ్యడమే నా మాట.

తుడవడానికి తడి కావాలి, గదికి మాత్రం తేమ కూడదు. చిన్న తేమ మీటరు ఒకటి గోడకి తగిలించు. అంకె 50 శాతం లోపల నిలిస్తే మైట్లు ఎండి మెల్లగా తగ్గుతాయి. గదిలో తడిబట్టలు ఆరేయకు, స్నానం అయ్యాక ఎగ్జాస్ట్ ఫ్యాను ఇరవై నిమిషాలు తిరగనివ్వు, అల్మరాకూ గోడకూ మధ్య జానెడు ఎడం ఉంచు. ఏసీ ఉంటే దాని జల్లెడ రెండు మూడు వారాలకోసారి కడిగి, పూర్తిగా ఆరాకే బిగించు.

గోడకి నల్లగా బూజు పట్టిందా, రంగు వేసి కప్పకు, రంగుతో సహా ఊడొస్తుంది. ముందు నీరు ఎక్కడి నుంచి కారుతోందో చూసి ఆపించు, తర్వాత గ్లవ్స్ వేసుకుని డిటర్జెంటు నీళ్లతో రుద్ది ఆరబెట్టు. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మించితే పనివాళ్లను పిలువు. బ్లీచింగ్‌ను అమ్మోనియాతో గానీ యాసిడ్ క్లీనర్‌తో గానీ ఎప్పుడూ కలపకు, విషవాయువు పుడుతుంది.

బొద్దింకలుంటే స్ప్రే వద్దు, ఆ ఘాటుకే తుమ్ములొస్తాయి. జెల్ పెట్టి, అవి పోయాక మూలలు కడుగు, వాటి రెట్ట కూడా పడదు.

ఇవన్నీ కలిపి చేస్తేనే తేడా తెలుస్తుంది, అదీ కొన్ని వారాలకు. అందాకా డాక్టరు ఇచ్చిన మందులు ఆపకు. పిల్లికూతలు, ఆయాసం ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు. ఏది పడదో తేల్చే చర్మ పరీక్ష చేయించుకో. దానికి ముందు అలర్జీ మాత్ర ఎన్నాళ్లు ఆపాలో ఆయన్నే అడుగు, వేసుకుని వెళ్తే పడనిది కూడా పడుతున్నట్టే చూపిస్తుంది.

దీవెనలతో,
పెద్దమ్మ