ఏ మెషీన్ అని అడిగే ముందు

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. మార్కులు బాగానే వస్తాయి. మూడు నెలలుగా టీషర్టుల మీద బొమ్మలు వేసే వీడియోలు చూస్తూ, వేడితో నొక్కి బొమ్మను బట్టకు అంటించే హీట్ ప్రెస్ కొనివ్వమని ఒకటే పోరు. చదువు ఆపేసి ఇదే పెట్టుకుంటానంటోంది. సబ్లిమేషన్, వినైల్, డీటీఎఫ్ అంటూ ఏవేవో చెబుతోంది. వీటిలో ఏది మంచిది? కొనిచ్చాక మోజు తీరి మూలన పడేస్తుందేమో. రెండేళ్లు చదివించింది ఇస్త్రీ పెట్టె పట్టుకోవడానికా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
ఒక తండ్రి

జవాబు: ఈ ప్రశ్న నాకు ఎన్నోసారి వచ్చిందో లెక్కలేదు. మెషీన్ పేరు మారుతుంది, కంగారు మారదు. ఏది కొనాలని మొదలుపెట్టిన తల్లిదండ్రులు నాలుగు వాక్యాలు తిరిగేసరికి 'మూలన పడేస్తుందేమో' దగ్గరికి వస్తారు. మీరూ అక్కడికే వచ్చారు. పిల్ల చేతిలో ఉన్న చదువు పోయి, కోరుకున్నదీ నిలబడక, రెండింటికీ చెడుతుందేమోనన్నదే మీ భయం. ముందు దానికే చెబుతాను. చదువు ఆపనక్కర్లేదు. ఈ పని కాలేజీ అయ్యాక సాయంత్రాలు, సెలవు రోజుల్లో నేర్చుకోగలిగిందే. ఒక టేబుల్, ఒక ప్రెస్, గాలి ఆడే గది, ఆ మెషీన్ లాగే కరెంటును తట్టుకునే ప్లగ్ పాయింటు ఉంటే చాలు. చిన్నగా మొదలుపెట్టిన పిల్లలు దెబ్బతినగా నేను చూడలేదు. దెబ్బతిన్నవాళ్లంతా మొదటి రోజే పెద్ద ప్రింటర్ కొన్నవాళ్లు.

ఇక ఆ ఇస్త్రీ పెట్టె మాట. ఏమీ అనుకోకండి, ఆ మాట మీ అమ్మాయి ముందు అని ఉంటే తప్పు చేశారు. ఇస్త్రీ పెట్టె అంచుల్లో ఒక వేడి, నడుమ ఒక వేడి ఉంటుంది, చెయ్యి ఎంత నొక్కితే అంత ఒత్తిడి. హీట్ ప్రెస్ పనంతా వేడి, సమయం, ఒత్తిడి, ఈ మూడింటినీ ప్రతిసారీ ఒకేలా నిలపడంలో ఉంది. ఒకటి తప్పినా ఆ రోజు తెలియదు. నాలుగో ఉతుకులో తెలుస్తుంది, అదీ కొన్నవాళ్ల ఇంట్లో. బట్టలో కంటికి కనిపించని తేమ ఉంటుంది. బొమ్మ పెట్టకముందు ఖాళీ బట్టను మూడు నాలుగు సెకన్లు నొక్కి ఆ తేమ తీసేయాలి. కుట్టుగానీ గుండీగానీ ప్లేటు కింద పడితే అక్కడ ఎత్తు వచ్చి, పక్క భాగం అంటుకోదు. ఇవన్నీ చేతికి అలవాటు కావాలి. దీన్ని తేలిక చేసి మాట్లాడితే, రేపు నిజంగా ఇబ్బంది వచ్చినప్పుడు పిల్ల మీ దగ్గరికి రాదు.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. సబ్లిమేషన్‌లో ఇంకు సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆవిరై పాలిస్టర్ పోగులోకే చేరిపోతుంది. తడిమితే చేతికి తగలదు, ఊడదు. కానీ బట్ట పాలిస్టర్ అయి ఉండాలి, తెలుపో లేత రంగో కావాలి. ఆ ఇంకుల్లో తెల్ల రంగు ఉండదు మరి. నూలు చొక్కా మీద వేస్తే ఉతుకుల్లో వెలిసిపోతుంది. కప్పులైనా, పలకలైనా పైన పాలిమర్ పూత ఉన్నవే పనికొస్తాయి. వినైల్ అంటే వెనక జిగురున్న పలుచటి రంగు ప్లాస్టిక్ షీటు. అది పేర్లకు, నంబర్లకు, ఒకటి రెండు రంగుల బొమ్మలకు బాగుంటుంది. కట్టర్‌తో బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిప్పి కోయించి, అక్కర్లేని ముక్కలు ఏరి తీసేసి, చాలా రకాలకు 150–160 డిగ్రీల దగ్గర పది పదిహేను సెకన్లు నొక్కుతారు. ఓపిక ఉన్న పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే. ఫోటోలకు మాత్రం పనికిరాదు.

అందరి నోటా ఉన్నది డీటీఎఫ్, అంటే డైరెక్ట్ టు ఫిల్మ్. ఫిల్మ్ మీద రంగులు, వాటి పైన తెలుపు వేసి, జిగురు పొడి చల్లి కరిగించి, ఆ ఫిల్మ్‌ను చొక్కా మీద నొక్కుతారు. నూలైనా పాలిస్టరైనా, నలుపైనా తెలుపైనా పడుతుంది. అందుకే వీడియోలన్నీ దాని గురించే. అక్కడే నా అనుమానాలు. తెల్ల ఇంకులో ఉండే టైటానియం డయాక్సైడ్ బరువైనది, కదలకపోతే అడుగుకు చేరుతుంది. ప్రింటర్‌ను ఆడించకుండా వదిలేస్తే ఇంకు చిమ్మే తల మూసుకుపోతుంది. తలలోని రంధ్రాలు వెంట్రుక కంటే సన్నం, మూసుకున్నాక తెరవడం గగనం. పరీక్షల కోసం మూడు వారాలు పక్కనపెట్టే విద్యార్థికి ఆ యంత్రం ఎలా సరిపోతుంది? పొడి కరిగేటప్పుడు వచ్చే పొగ బయటికి పోయే దారి కూడా ఉండాలి, పడకగదిలో పెట్టుకునేది కాదు. వీడియోలో చొక్కా మీంచి ఫిల్మ్ లాగే ఆ ఒక్క క్షణం చూపిస్తారు, ప్రింటర్ తల కడిగే సాయంత్రం చూపించరు. డీటీఎఫ్ పద్ధతి మంచిదే. ప్రింటర్ సొంతంగా ఉండాలన్న తొందరే వద్దు. ప్రింట్ చేసి సిద్ధంగా ఉన్న ఫిల్ములు, అంటే ట్రాన్స్‌ఫర్లు, అమ్మేవాళ్లున్నారు. ఒకే ఫిల్మ్ మీద నాలుగైదు బొమ్మలు సర్ది తెప్పించుకుని, ఇంట్లో నొక్కుకోవచ్చు.

ప్రెస్ మాత్రం కొనివ్వండి. బల్లపరుపు ప్లేటుది, పెద్ద సైజు చొక్కా సరిపోయేది. కప్పులు, టోపీలు, పళ్లేలు అన్నీ ఒకే దాంట్లో చేయొచ్చని అమ్మే కలగలుపు మెషీన్ల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. మార్చి బిగించడంతోనే పొద్దు పోతుంది. పై ప్లేటు పక్కకు తిరిగే రకమైతే చేతులు కాలే ప్రమాదం తక్కువ, మందం వస్తువుల మీదా ఒత్తిడి సమంగా పడుతుంది. కొన్నాక మీటర్ చూపించే అంకెను అలాగే నమ్మవద్దని చెప్పండి. ప్లేటు నాలుగు మూలల్లో, మధ్యలో వేడి విడిగా కొలిచి చూడాలి. నా దగ్గరికి వచ్చే ఒక కుర్రాడు పన్నెండు చొక్కాలు చేసి ఇస్తే అన్నింటికీ ఎడమ వైపే పొరలు లేచాయి. జిగురును, బట్టను, ఇంకును అనుమానించి వారం పోగొట్టుకున్నాడు. చివరికి చూస్తే ప్లేటు ఆ మూలన చల్లగా ఉంది.

మరో సంగతి. సినిమా నటుల ముఖాలు, కార్టూన్ బొమ్మలు, ఆటల జట్ల గుర్తులు వేసి అమ్మితే త్వరగా పోతాయని ఎవరో ఒకరు చెబుతారు. అవి ఇంకొకరి హక్కులు, అనుమతి లేకుండా వద్దు. ఈ విషయంలో మీరు గట్టిగానే ఉండండి.

మోజా కాదా అన్నదానికి నా దగ్గర ఒకే పరీక్ష ఉంది. ఒక నోటు పుస్తకం ఇవ్వండి. ఏ బట్ట, ఎన్ని డిగ్రీలు, ఎన్ని సెకన్లు, ఫిల్మ్ వేడి మీద తీసిందా చల్లారాక తీసిందా, ఐదు ఉతుకుల తర్వాత ఎలా ఉంది, అన్నీ రాసుకోమనండి. ఎర్ర పాలిస్టర్ చొక్కా మీద వేసిన తెల్ల అక్షరాలు గులాబీ రంగుకు తిరిగిన రోజు ఒకటి వస్తుంది. వేడికి బట్టలోని రంగే పైకి ఎక్కుతుంది. ఆ రోజు విసుక్కుని వదిలేస్తే మీకు జవాబు దొరికినట్టే. 'వేడి తగ్గించి చూస్తాను' అంటూ ఇంకో పేజీ తిప్పితే, ఆ పిల్లకు బట్ట, రంగు తెలిసే పనులు చాలా ఉన్నాయి. దుస్తుల నాణ్యత చూసే ఉద్యోగాలు, గ్రాఫిక్ డిజైన్, టెక్స్‌టైల్ ప్రింటింగ్ చదువులు ఉన్నాయి. వాటికి డిగ్రీ చేతిలో ఉండటం మేలు. మీరు భయపడిన చదువూ ఆమె కోరిన పనీ అక్కడ కలుస్తాయి. ఈ మాట నా పేరు చెప్పే ఆమెకు చెప్పండి.

మూడు నెలలు ఆగి మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం అమ్మాయి చేతే రాయించండి, ఆ నోటు పుస్తకంలోంచి రెండు పేజీలు జతచేసి.