ఇల్లు – స్థలం: మీ ప్రశ్నలు, సర్వేయరు జవాబులు

ప్రశ్న: సర్వేయరు గారూ, ఓర్వకల్లు వైపు ఒక వెంచర్‌లో ఐదు సెంట్ల ప్లాటు చూశాం. అదే డబ్బుకు ఊళ్లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు వస్తుంది. ఇవి కాక, పాతబస్తీలో నా భాగానికి వచ్చే మట్టి మిద్దె ఒకటుంది, నాలుగు సెంట్లు. ఎయిర్‌పోర్టు వచ్చింది కాబట్టి ప్లాటే కొందామని మా ఆయన, ఫ్లాటే మేలని మా అమ్మాయి. మాకు కావలసింది ఉండటానికి ఇల్లు. ఏం చేయమంటారు?
– ఒక టీచరు, కర్నూలు

జవాబు: ఉండటానికి అన్నారు కాబట్టి ప్లాటును పక్కన పెట్టండమ్మా. ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు 2021లో మొదలైంది, కాదనను. కానీ ఒకరోజు సాయంత్రం ఏడింటికి మీ ఆయన్ని బండి మీద ఆ వెంచర్‌కు తీసుకెళ్లి, ఎన్ని ఇళ్లల్లో లైటు వెలుగుతోందో చూడమనండి. అటు పంటా పోయి ఇటు ఇల్లూ లేవక, హద్దురాళ్ల మధ్య కంపచెట్లు మొలిచిన వెంచర్లు మన దగ్గర తక్కువేం లేవు. రేటు పెరగొచ్చు. రేటులో కాపురం ఉండలేం కదా.

అయినా మనసు అటే లాగితే, ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు), రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు రెరా తప్పనిసరి. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలాలి. బ్రోచర్‌లో పచ్చరంగు వేసిన ఆ పార్కును పంచాయతీకి రాసిచ్చారా అని అడగండి. ఆపైన ఎఫ్ఎంబీ, అంటే సర్వే నంబరు కొలతల పటం, తెప్పించండి. నేను గొలుసు పట్టి పొలాలు కొలిచిన రోజుల నుంచీ చెబుతున్న మాటే: ఆ సర్వే నంబరులో వంక (వాగు) ఉన్నట్టు గీత ఉందేమో చూడాలి. పొలం చదును చేసినవాడు వంకనూ పూడ్చేస్తాడు. ఆ సంగతి నీళ్లకు ఎవరు చెబుతారు?

నేల చూడాలంటే ఎండాకాలంలో వెళ్లండి. నల్లరేగడిలో చేయి దూరేంత నెర్రెలుంటే, గట్టినేల తగిలేదాకా తవ్వి, గరుసు నింపాలి. సగం డబ్బు మట్టిలోకే పోతుంది. వెంచర్ వాళ్లు ఈ ముక్క చచ్చినా చెప్పరు.

ఫ్లాటు గురించి ఒక్క లెక్క చాలు. పది సెంట్లలో పది ఫ్లాట్లు కడితే నేలలో మీ వంతు ఒక సెంటు, అంటే 48 గజాల చిల్లర. అది సరేననుకుంటే బడికి, ఆస్పత్రికి దగ్గరగా హాయిగా ఉండొచ్చు.

నా కన్ను మాత్రం మీరు మధ్యలో తేలిగ్గా అనేసిన ఆ మిద్దె మీదే పడింది. మూరెడు మందం గోడలు, దూలాల మీద దంతెలు (అడ్డకర్రలు), ఆ పైన చౌడు మట్టి. మే నెలలో కర్నూలు ఎండకు అందులో పడుకున్నవాళ్లకు ఏసీ గురించి చెప్పక్కర్లేదు. ఏటా వానలకు ముందు చౌడు పరిచే మనుషులు కరువవడం వల్లే చాలా మిద్దెలు కూలిపోతున్నాయి. గోడల తప్పేం లేదు. బాగుచేయడం కుదరదంటే అదే చోట కొత్తగా కట్టుకోండి. నాలుగు సెంట్లంటే 193 గజాల పైమాటే, మీ కుటుంబానికి ధారాళంగా సరిపోతుంది.

కాకపోతే 2009 అక్టోబరు వరదను మరవొద్దు. అప్పుడు తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరిమీద పడ్డాయి. మీ వీధిలో నీళ్లు ఎంతెత్తు నిలిచాయో ఇరుగుపొరుగును అడిగి, కింద బండ్లకు వదిలి పైన ఇల్లు వేసుకోండి. సందు వెడల్పు కొలిపించండి, ఎన్ని అంతస్తులకు ప్లాను ఇస్తారన్నది దాన్ని బట్టే ఉంటుంది. అన్నిటికంటే ముందు భాగపరిష్కారం రిజిస్టరు చేయించుకోండి. అన్నదమ్ములు ఎంత మంచివాళ్లయినా సరే, నోటిమాట మీద పునాది తవ్వొద్దు.

ప్రశ్న: డీకేటీ పట్టా స్థలం సగం ధరకే ఇస్తామంటున్నారు. కొనొచ్చా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: సగం ధర ఎందుకో మీకూ తెలుసు. డీకేటీ పట్టా అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి. దాని అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. 2023 సవరణతో, పట్టా పొంది ఇరవై ఏళ్లు దాటిన అసలు లబ్ధిదారులకు అమ్ముకునే హక్కులు ఇచ్చారు గానీ, అది అందరికీ వర్తించేది కాదు. సర్వే నంబరు 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉందేమో రిజిస్ట్రారు ఆఫీసులో చూసుకోండి. ఉంటే బేరమే వద్దు. స్టాంపు పేపరు మీద రాసిస్తాం, నోటరీ చేయిస్తాం అంటే టీ కూడా తాగకుండా లేచి వచ్చేయండి.