మాట మంచిగ వినవడాలంటే ఏ స్పీకర్లు?

ప్రశ్న: మా నాన్న కంప్యూటర్‌ల వార్తలు, ప్రవచనాలు వింటడు, మానిటర్ స్పీకర్ల మాట సమజైతలేదంటడు. వెయ్యి, పదిహేను వందలల్ల ఊఫర్ (ధబ్‌ధబ్ మోత ఇచ్చే పెద్ద స్పీకర్) ఉన్నది తీస్కోవాల్నా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మాట కోసమే అయితే ఊఫర్ వద్దమ్మా. రెండే స్పీకర్లుండే 2.0 సెట్ తీస్కోండ్రి, ఎందుకంటే అక్షరాలు స్పష్టంగ తెలిసేది ఎక్కువగ 1000 నుంచి 4000 హెర్ట్జ్ (గొంతు సన్నదా, బొంగురుదా చెప్పే కొలత) నడుమనే, పాత ల్యాండ్‌లైన్‌ల 300 నుంచి 3400 దాకనే వచ్చేది, అయినా మాట తెలిసేది కదా, చవక ఊఫర్ ధబ్‌ధబ్ ఆ మాటనే మింగుతది. డబ్బా మీద పీఎంపీఓ (ఒక్క క్షణం మాత్రమే వచ్చే పవర్ లెక్క) అని వేలల్ల రాస్తరు, అది చూడొద్దు, ఆర్‌ఎంఎస్ (నిలకడగ వచ్చే అసలు పవర్) ఎంతని అడుగుండ్రి, టేబుల్ కాడ కూసొని వినేటందుకు 5, 6 వాట్లు సాలు. చౌరస్తా దిక్కు షాపుకు పోతే వాళ్లు డీజే పాట పెడ్తరు, మీరు ఫోన్‌ల వార్తలు పెట్టి వినుండ్రి, స, శ, ష తేడా తెల్వాలె. ఇంట్ల మూలకు నూకకుండ చెవి ఎత్తుల, నాన్న మొఖం దిక్కు పెట్టుండ్రి.

ఇంకోటి, ఎదురుంగ మాట్లాడినా మళ్లీ మళ్లీ అడుగుతున్నడంటే మాత్రం ముందుగాల వరంగల్ ఎంజీఎం దవాఖానల ఈఎన్‌టీ (చెవి, ముక్కు, గొంతు) డాక్టర్‌కు చూపియ్యుండ్రి, స్పీకర్లు తర్వాత కొనొచ్చు.