ఫీజు సంగతేమైందని అడిగారు చూడు

సాలిగ్రామం, చెన్నై

అమ్మాయ్,

నీ మెయిలూ, నీ శ్రోతల మెసేజ్‌లన్నీ కలిపి పెట్టిన ఫైలూ అందాయి. ఫోన్లో చదివితే కళ్ళు లాగుతున్నాయని మా అబ్బాయి చేత ప్రింటు తీయించుకున్నాను. నీ సూపర్‌హీరో ఆడియో సిరీస్ పధ్నాలుగో ఎపిసోడ్‌లో వాచ్‌మన్‌ని చంపినందుకు జనం ఇంత కోప్పడతారని నువ్వు అనుకోలేదు. "మాస్టారూ, పదిహేనులో బతికించేయనా?" అని అడిగావు. బెంగళూరు మారతహళ్ళి పీజీలో కూర్చుని రాత్రి రెండింటికి అడిగిన ప్రశ్న ఇది, మెయిల్ మీద టైమ్ కనిపిస్తూనే ఉంది. ఆ వేళలో ఎవరికైనా ఎవరినైనా బతికించాలనే అనిపిస్తుంది.

మెసేజ్‌లన్నీ చదివాను. సగం మంది ఆయన్ని తిరిగి తెమ్మన్నారు. కొందరు ఇక నీ సిరీస్ విననన్నారు. వాళ్ళు వింటారు, బెంగ పెట్టుకోకు. వినడం మానేసేవాళ్ళు చెప్పి మానరు. ఇద్దరు ముగ్గురు తిట్లు రాశారు. వీటి మధ్యలో, ఎవరో రెండంటే రెండు వాక్యాలు రాశారు: "ఆరో ఎపిసోడ్‌లో కూతురి నర్సింగ్ కాలేజీ ఫీజుకి అప్పు అడిగితే జీతం రాగానే ఇస్తానంది కదా. ఇచ్చిందా?" నేను ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టింది ఆ ఒక్కదానికే.

వెంటనే నీ ఆరో ఎపిసోడ్ స్క్రిప్టు తీశాను. గేటు దగ్గర వాచ్‌మన్ స్టీలు గ్లాసులో టీ పట్టుకుని, మొహమాటపడుతూ, రెండుసార్లు వేరే మాట ఎత్తి, చివరికి అడుగుతాడు. కరెంటు తీగల్లో గొంతులు వినే శక్తున్న నీ హీరోయిన్ "అయ్యో, ఇస్తాను బాబాయ్" అంటుంది. అంతలో మీదున్న కరెంటు తీగలో ఎవరిదో అరుపు వినిపించి పరిగెడుతుంది. చాలా బాగా రాశావు. ఆ గ్లాసు, ఆ మొహమాటం నీ సొంతం. కాకపోతే ఏడు నుంచి పధ్నాలుగు దాకా ఆ ఫీజు ఊసే లేదు. ఆయన సిల్క్ బోర్డు ఫ్లైఓవర్ కింద ఆమెకు అడ్డం పడి పోయాడు, ఆమె ఏడ్చింది, నేపథ్య సంగీతం వచ్చింది, అయిపోయింది. నీకు గుర్తులేదు, నీ హీరోయిన్‌కీ గుర్తులేదు. వినేవాళ్ళకి మాత్రం గుర్తుంది.

సూపర్‌హీరో సీరియల్ చూసేవాళ్ళకి చావులు, పతనాలు, ద్రోహాలు కొత్తవేం కావు. ఆకాశంలో ఎగిరేవాణ్ణి నమ్మినవాళ్ళు దేన్నైనా నమ్మగలరు. వాళ్ళు పట్టుబట్టేది లెక్క దగ్గర. ఈ పాత్ర ఇక్కడిదాకా రావడానికి ఏం పోగొట్టుకుంది, ఎవరికి ఏం బాకీ పడింది, ఆ బాకీ తీరకుండానే దాన్ని ఎందుకు తిప్పేశారు? గొడవలన్నీ చివరికి ఇక్కడికే వస్తాయి.

'యారో' అనే అమెరికన్ సూపర్‌హీరో సీరియల్ తీసుకో. 2012లో మొదలైంది. మూడో ఎపిసోడ్‌లో హీరో తూటాలు దిగిన ల్యాప్‌టాప్ ఒకటి పట్టుకొచ్చి, దీని మీద కాఫీ ఒలికిందని చెప్పి, కంపెనీ ఐటీ విభాగంలో ఒక అమ్మాయికి ఇస్తాడు. ఆ చిల్లుల వంక, అతని వంక ఆమె చూసే చూపుంటుంది చూడూ! ఫెలిసిటీ అనే ఆ పాత్ర అలా వచ్చి ఇలా పోవాల్సింది. జనానికి నచ్చింది, రచయితలకీ నచ్చింది, రెండో సీజన్ నుంచి ప్రధాన పాత్రల్లో చేరిపోయింది. ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. చిక్కేమిటంటే, కామిక్స్‌లో ఈ హీరోకి జోడీ లారెల్. అంటే బ్లాక్ కెనరీ. ఆ పాత్రేమో మొదటి ఎపిసోడ్ నుంచీ ఉంది. తాగుడులో పడి, బయటపడి, చెల్లెల్ని పోగొట్టుకుని, ఆ చెల్లెలి ముసుగు తను తొడుక్కుని, దెబ్బలు తిని మూడో సీజన్‌కి గాని వీరవనితగా నిలబడలేదు. తర్వాతి సీజన్‌లోనే, 2016 ఏప్రిల్‌లో, చంపేశారు. ఆ చావైనా ఆమెదిగా ఉందా అంటే అదీ లేదు. ఆస్పత్రి మంచం మీద హీరోతో, నీ ప్రేమ నేను కాదని తెలుసు, నా ప్రేమ మాత్రం నువ్వే అన్న అర్థంలో మాట్లాడించి పంపేశారు. తన కథ ముగిసేచోట కూడా ఇంకొకరి ప్రేమకథకి దారి ఇచ్చి పోయిందన్నమాట.

రచయితగా నన్ను ఇంతకన్నా ఇబ్బంది పెట్టిన సంగతి ఇంకొకటుంది. ఆ సీజన్ మొదటి ఎపిసోడ్ చివర్లో ఒక సమాధి చూపించారు. ఆరు నెలల తర్వాత అని వేసి, హీరో దాని ముందు నిలబడి ఏడుస్తుంటాడు. అందులో ఎవరున్నదీ ఆ సీన్ రాసేనాటికి తాము నిర్ణయించుకోలేదని రచయితలే చెప్పారు. గొయ్యి ముందు తవ్వి, శవాన్ని తర్వాత వెతుక్కున్నారు! అభిమానులకి ఈ వెనక కథ తెలియకముందే తేడా తెలిసిపోయింది. ఆమె బతుకు ఆ చావు వైపు నడుస్తున్నట్టు ముందు ఎపిసోడ్లలో ఒక్క ఆనవాలూ లేదు మరి. తర్వాత అదే నటి సమాంతర లోకంలోని ఇంకో భూమి నుంచి వచ్చిన మరో లారెల్‌గా తిరిగొచ్చింది. అదో ఊరట. పోయినామె బాకీ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తాను. మన పద్య నాటకాల్లో ఒక ఆనవాయితీ ఉండేది, మీ తాతగారినడిగితే చెబుతారు. పద్యం అదిరిపోతే జనం "వన్స్ మోర్" అని అరిచేవాళ్ళు. అప్పటికే చచ్చి పడివున్న పాత్ర లేచి, రాగం తీసి పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేది. ఎవరికీ తప్పనిపించేది కాదు, వాళ్ళొచ్చిందే పద్యం కోసం. నువ్వు వాచ్‌మన్‌ని పదిహేనులో బతికిస్తే అదే జరుగుతుంది. చప్పట్లు పడతాయి. కాకపోతే నీ సిరీస్‌లో ఇకమీదట ఎవరు చచ్చినా ఎవరూ నమ్మరు.

బతికించకూడదని కూడా నేననను. 2012 సినిమా 'ది అవెంజర్స్'లో షీల్డ్ అనే గూఢచారి సంస్థ ఏజెంటు కోల్సన్‌ని చంపారు. ఆయన్ని పోనిచ్చేది లేదని అభిమానులు పెద్ద ఎత్తున ప్రచారం చేశారు. మరుసటేడు 'ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్' అని సీరియల్ పెట్టి ఆయన్నే నాయకుణ్ణి చేశారు. వన్స్ మోరే! అయితే ఊరికే లేపలేదు. తాహితీ దీవుల్లో విశ్రాంతి తీసుకుని కోలుకున్నానని ఆయన అనుకుంటుంటాడు. అది తలలో నాటిన అబద్ధం. అసలు జ్ఞాపకం బయటపడేసరికి, ఆపరేషన్ బల్ల మీద తనే నన్ను చావనివ్వండి అని బతిమాలుకుంటున్నాడు. చూసేవాళ్ళు అడిగింది ఇచ్చారు, అడిగినందుకు గుండె కలుక్కుమనేలా కూడా చేశారు. అలా రాయగలిగితే బతికించు. నీ కథకి ఆ దారి ఉందని నాకనిపించడం లేదు.

'హీరోస్' సీరియల్‌లో సైలర్ సంగతి దీనికి తిరగేసిన కథ. గడియారాలు బాగుచేసేవాడు, ఏ వస్తువు ఎలా పనిచేస్తుందో చూడగానే పట్టేస్తాడు, అదే కుతూహలంతో మనుషుల తలలు కోస్తాడు. మొదటి సీజన్‌లో హడలగొట్టాడు. జనానికి తెగ నచ్చాడు కాబట్టి వదులుకోలేకపోయారు. మంచివాణ్ణి చేశారు, మళ్ళీ చెడ్డవాణ్ణి చేశారు, ఫలానా ఇంటి కొడుకన్నారు, కాదన్నారు, ఇంకొకడి రూపమిచ్చి తనే ఆ మనిషినని అనుకునేలా తిప్పారు, ఆఖరికి మళ్ళీ మంచివాడన్నారు. నాలుగు సీజన్లకే 2010లో సీరియల్ మూసేశారు. మూసేయడానికి కారణం ఇదొక్కటే కాదులే. కానీ అన్నిసార్లు మారినవాడి మార్పుని ఎవరు పట్టించుకుంటారు?

అడిగింది వినాలి, అలాగని ఇచ్చేయకూడదు. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో చూడాలంటే మళ్ళీ 'షీల్డ్'కే వెళ్ళాలి. వార్డ్ అనేవాడు మొదట్లో చప్పిడి హీరో. 2014 ఏప్రిల్‌లో, 'కెప్టెన్ అమెరికా: ది వింటర్ సోల్జర్' సినిమాలో ఆ సంస్థ కూలిపోయినప్పుడే, సీరియల్‌లో వీడు శత్రువుల మనిషని తేలింది. పాత్రకి ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. కుర్రవయసులో చేరదీసి వాణ్ణి అలా తయారుచేసినవాడిదే తప్పు, మార్చండి అని ఓ వర్గం గట్టిగా నిలబడింది. రచయితలు ఒప్పుకోలేదు. ఎందుకంటే వాడు ఇద్దరు స్నేహితుల్ని పెట్టెలో పెట్టి సముద్రంలోకి వదిలేశాడు. అందులో ఒకడికి మెదడు దెబ్బతింది. మాటలు వెతుక్కుంటూ, చేతులు వణుకుతూ ఆ కుర్రాడు తర్వాతి సీజన్‌లో మన కళ్ళ ముందే తిరుగుతుంటాడు. వాణ్ణి చూస్తూ వీణ్ణి ఎలా క్షమిస్తావు? మూడో సీజన్‌లో కోల్సన్ చేతుల్లోనే పోయాడు. అయితే నాలుగో సీజన్‌లో, కంప్యూటర్‌లో అల్లిన వేరే లోకం ఒకటుంటుంది. అక్కడ వార్డ్ మంచి వైపు నిలబడినవాడు. సరైన మనిషి చేయి అందుకుని ఉంటే ఎలా ఉండేవాడో అక్కడ చూపించారు. అభిమానుల ప్రశ్నకి జవాబు దొరికింది, చనిపోయినవాడి లెక్క మాత్రం చెదరలేదు. నాకు చాలా నచ్చిన పని ఇది.

ఇంకో మాట. ముగింపు ముందే తెలిసిపోతే జనం పట్టించుకోరని నీకు భయం. 2001లో మొదలైన 'స్మాల్‌విల్' కుర్రవయసు సూపర్‌మ్యాన్ కథ, అందులో లెక్స్, రేపు సూపర్‌మ్యాన్ కాబోయే క్లార్క్ స్నేహితులు. రేపు బద్ధశత్రువులవుతారని కామిక్స్ చదవనివాడికీ తెలుసు. అయినా ఏళ్ళ తరబడి, ఈసారైనా లెక్స్ బాగుపడతాడేమోనని చూశారు. మొదటి ఎపిసోడ్‌లోనే లెక్స్ కారు క్లార్క్‌ని గుద్ది వంతెన మీంచి నదిలో పడుతుంది, క్లార్క్ బయటికి లాగి కాపాడతాడు, నన్ను కారు గుద్దలేదని అబద్ధమాడతాడు. ఆ నుజ్జయిన కారుని లెక్స్ పారేయకుండా దాచుకుంటాడు. శత్రుత్వానికి విత్తనం పడింది ఆ అబద్ధంలోనే, అందులో మంచివాడికీ వాటా ఉంది. కర్ణుడు చస్తాడని తెలిసే మనం తరతరాలుగా ఆ కథ వినడం లేదూ? 1977లో ఎన్టీఆర్ ఒకే సినిమాలో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు ముగ్గుర్నీ వేస్తే, మా కోడంబాకం మనుషులు ఇప్పటికీ వల్లించేది దుర్యోధనుడి డైలాగులే. చెడ్డవాడి మీద మనసుపడే జబ్బు మన దగ్గర కొత్తగా రాలేదు.

ఆ తిట్ల మెసేజ్‌ల సంగతి. పాత్ర మీద కోపం వేరు, మనిషి మీద కక్ష వేరు. 'ది ఫ్లాష్'లో ఐరిస్‌గా వేసిన క్యాండిస్ ప్యాటన్ నల్లజాతి నటి. కామిక్స్‌లో ఆ పాత్ర తెల్లమ్మాయి అన్న ఒక్క కారణంతో ఆమెని ఏళ్ళ తరబడి నానా మాటలన్నారు. అందులో కథ గురించి నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. నీకొచ్చిన వాటిలో నీ సిరీస్‌కి గొంతిచ్చిన కుర్రాడి యాస మీద వేళాకోళాలున్నాయి చూశావా, వాటిని తీసేయ్. వాడికి చూపించకు కూడా.

మెసేజ్‌లు రాకముందే తేడా పట్టే మనుషులు నీ పక్కనే ఉంటారు. ఇక్కడ వడపళని డబ్బింగ్ థియేటర్లలో చూస్తుంటాను. ఒకే పాత్రకి సీజన్ల తరబడి గొంతిస్తున్న ఆర్టిస్టు మైకు ముందు నిలబడి, హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపి, "సార్, ఈవిడ ఇంత తేలిగ్గా సారీ చెప్పదండీ" అంటుంది. పెదాలకి మాట సరిగ్గానే పడింది, టైమింగూ బాగుంది, ఇంజనీరు ఓకే అనేశాడు. ఆవిడకి మాత్రం ఆ మాట నోట్లో ఆడటం లేదు. అలాంటప్పుడు నేను డైలాగు మారుస్తాను. అసలు స్క్రిప్టే జారిందనిపిస్తే ఏం చేయలేను, అది మా చేతుల్లో ఉండదు. నీ చేతుల్లో ఉంది. కాబట్టి ప్రతి ఎపిసోడూ రికార్డింగ్‌కి ముందు నీ ఆర్టిస్టుల చేత ఒకసారి చదివించు. ఎవరు ఎక్కడ తడబడ్డారో చూసుకో, నువ్వు మాత్రం ఏమీ వివరించకు.

ఇక పదిహేను. వాచ్‌మన్‌ని బతికించకు. హీరోయిన్ చేత పగ, శపథం లాంటివీ చేయించకు, అవి తర్వాత చూద్దాం. కూతురు రావాలి. తండ్రి సామాను తీసుకెళ్ళడానికి మదనపల్లె నుంచి బస్సులో వచ్చి, ఆ గేటు దగ్గర నిలబడాలి. ఆమెకి ఈ తీగల సంగతి, శక్తుల సంగతి ఏమీ తెలియదు. తెలిసిందల్లా, జీతం రాగానే ఒక మేడమ్ డబ్బులిస్తానందని నాన్న ఫోన్లో చెప్పిన మాట. అది అడగాలో వద్దో ఆమెకి మొహమాటం. అచ్చం తండ్రిలాగే. నీ హీరోయిన్ ఇప్పుడు డబ్బు తీసిచ్చినంత మాత్రాన సరిపోదు, అలాగని ఇవ్వకుండా ఉండటానికీ లేదు. ఆ సీన్ నువ్వు రాయగలవు. సంగీతం వద్దు.

అదయ్యేదాకా శ్రోతలకి సంజాయిషీలు రాయకు. ఎందుకు చంపానో అని నువ్వు విడిగా చెప్పుకుంటే ఎపిసోడ్ పని నువ్వు చేసినట్టవుతుంది.

డ్రాఫ్టు ఆదివారానికి పంపు. వచ్చే నెల మా మేనకోడలింట్లో శుభకార్యానికి బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు వస్తున్నాను, ఓ పూట మీ రికార్డింగ్‌కి వచ్చి మూల కూర్చుంటాను. కూతురి గొంతుకి ఎవరిని అనుకుంటున్నావో అది కూడా రాయి. హీరోయిన్‌కి ఇచ్చే అమ్మాయి చేతే రెండూ చెప్పించేద్దామనుకుంటావు ఖర్చు తగ్గుతుందని. వద్దు, వేరే అమ్మాయిని చూడు.

ఉంటాను.

నీ మాస్టారు