వాసన నూనెలు తలకే రాయాలని లేదు

చెల్లీ, మీ ప్రశ్న చూశాను. పెళ్లికి వచ్చిన గిఫ్టు బాక్సులో మల్లె, గంధం, బాదం, లావెండర్ నూనెల సీసాలు నాలుగు ఉన్నాయి, తలకు పెట్టుకుని ఆఫీసుకు పోతే జిడ్డుగా ఉంటోంది, పారేయడానికి మనసు రావడం లేదు, ఇంకా దేనికి పనికొస్తాయి అని అడిగారు. మాది దేవరకొండ. ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే బట్టలు కుడుతున్నాను, ఇద్దరాడపిల్లల తల్లిని. ఈ నూనెలతో మేలూ చూశాను, దెబ్బా తిన్నాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్కొక్క సీసా తిప్పి వెనక లేబుల్ చదవండి. ముందువైపు బాదం బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా, వెనక మొదటి పేరు లైట్ లిక్విడ్ పారాఫిన్ అనో మినరల్ ఆయిల్ అనో ఉంటే ఆ సీసాలో ఎక్కువ భాగం అదే. ఏది ఎక్కువుంటే దాన్ని ముందు రాస్తారు. అది చర్మానికి చెడ్డదేం కాదు, తేమను బాగానే ఆపుతుంది. కాకపోతే బాదం నూనె అనుకుని వాడకండి.

రెండోది, లావెండర్ సీసా వేలెడంత ఉండి, మూతకింద చుక్కలు పడే బిరడా ఉంటే అది రాసుకునే నూనె కాదు, సుగంధ సారం. దాన్ని నేరుగా ఒంటికి రాయకూడదు. 100 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెలోనో నువ్వుల నూనెలోనో ఇరవై చుక్కలు వేస్తే సుమారు ఒక శాతం అవుతుంది, పెద్దవాళ్లకు అది చాలు. నాకు ఇది తెలియక, ఒక జాతరలో కొన్న నిమ్మ వాసన సారాన్ని మెడకు నేరుగా పూసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో బస్సు కోసం నిలబడ్డాను. సాయంత్రానికి మంట, రెండు రోజులకు నల్లటి చార. అది పోవడానికి నెలలు పట్టింది. నిమ్మజాతి తొక్క నుంచి తీసిన నూనెలు కొన్ని ఎండ తగిలితే చర్మాన్ని కాల్చినట్టు చేస్తాయని ఫార్మసీ చదివిన మా చిన్నమ్మాయి తర్వాత చెప్పింది. అప్పటి నుంచి ఏ కొత్త నూనె అయినా మోచేతి లోపలివైపు కొంచెం రాసి, రెండు రోజులు చూసిగానీ వాడను. మీరూ అలాగే చేయండి.

ఇక అసలు విషయం. నూనె చేసే పని వేరు, వాసన చేసే పని వేరు. ఈ రెండూ విడదీసి చూస్తే నాలుగు సీసాలూ ఎక్కడెక్కడ వాడాలో మీకే తోస్తుంది.

నా లెక్కలో అన్నిటికన్నా మంచి వాడకం స్నానం అయిన వెంటనే. మా నల్లగొండ వైపు బోరు నీళ్ల సంగతి మీకు తెలిసే ఉంటుంది. బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది, సబ్బు నురగ రాదు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి జిగురులాంటి తెట్టెగా మారి ఒంటి మీద ఉండిపోతుంది. చలికాలంలో కాళ్లు గోరుతో గీస్తే తెల్లగా గీత పడడానికి ఇదీ ఒక కారణం. ఒళ్లు పూర్తిగా తుడవకుండా, తడి ఇంకా ఉండగానే నాలుగైదు చుక్కల నూనె అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ రుద్దుకుని, పిక్కలకు, మోచేతులకు, పాదాలకు పామండి. నూనె తేమను ఇవ్వదు, ఉన్న తేమను పోనివ్వదు. అందుకే పొడి చర్మానికి గిన్నెడు పూసినా రాని ఫలితం తడి చర్మానికి నాలుగు చుక్కలతో వస్తుంది. ఐదు నిమిషాల్లో ఇంకిపోతుంది, చీర కట్టుకున్నా సల్వార్ వేసుకున్నా అంటదు. మీ గంధం సీసాకు ఇంతకంటే మంచి ఉద్యోగం లేదు. పలచగా మిగిలిన వాసన ఆఫీసులో పక్కవాళ్లకు కూడా భారం కాదు.

తల విషయం. రోజూ పెట్టుకోనక్కర్లేదు. తలస్నానానికి గంట ముందు పెట్టుకుని కడిగేయండి. 2003లో రేలే, మొహిలే అనే ఇద్దరు పరిశోధకులు కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. తలస్నానానికి ముందు రాసినా తర్వాత రాసినా, వెంట్రుకలోని ప్రొటీన్ పోకుండా గట్టిగా ఆపింది కొబ్బరి నూనె ఒక్కటే. అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది, మిగతా రెండూ పైపైనే ఉంటాయి. కాబట్టి తలకు మామూలు కొబ్బరి నూనె, వాసన కావాలంటే అందులో మీ మల్లె నూనె ఒక చెంచా. తల ఆరాక చివర్లకు రెండు చుక్కలు రాస్తే చిక్కు పడదు. చుండ్రు ఉంటే మాత్రం రాత్రంతా నూనె ఉంచకండి. చుండ్రుకు కారణమైన సూక్ష్మజీవికి ఆ జిడ్డే తిండి. నుదుటి మీదికి దిగితే మొటిమలు కూడా వస్తాయి.

నూనె అనగానే నాకు మా అమ్మమ్మ ఇల్లే గుర్తొస్తుంది. అచ్చంపేట దగ్గర ఎర్రచెల్కల్లో వాళ్లు ఆముదాలు వేసేవాళ్లు. ఆముదం మా పాలమూరు పంట. పాలెం పరిశోధన కేంద్రం వాళ్లు ఇచ్చిన క్రాంతి, హరిత లాంటి రకాలు ఇక్కడి రైతుల నోట ఇంట్లో పిల్లల పేర్లలాగే పలికేవి. అమ్మమ్మ గింజలు వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దను నీళ్లలో వేసి పెద్ద గంజులో మరిగించేది. నూనె పైకి తేలాక గరిటెతో నెమ్మదిగా తీసి, ఇంకో గిన్నెలో చిటపటలు ఆగేదాకా మళ్లీ కాచేది. అదే వంటాముదం. నల్లగా, చిక్కగా, వాసన ఘాటుగా ఉండేది. మిగిలిన పిండి బర్రెల దరిదాపుకు రానిచ్చేది కాదు, ఆముదం గింజలో విషం ఉంటుంది. ఆ నూనె బాలింతల తలకూ, పగిలిన మడమలకూ, బండి ఇరుసుకూ ఒకే సీసాలోంచి వెళ్లేది.

ఆ ప్రేమతోనే నేనొక పొరపాటు చేశాను. పెద్దమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పుడు, నడుం దాకా ఉన్న జుట్టుకు అచ్చం ఆముదమే దట్టంగా పట్టించి, జుట్టంతా నడినెత్తిన కుప్పచేసి వేడినీళ్లు పోసి రుద్దాను. జుట్టు ముద్ద కట్టింది. చిక్కు కాదు, కొబ్బరి పీచులాగా ఒకే ఉండ. మూడు గంటలు కూర్చుని విప్పినా సగం కత్తిరించాల్సి వచ్చింది. పిల్ల ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆముదం అంత చిక్కని నూనె, పొడుగు జుట్టుకు ఒంటరిగా వాడకూడదు. ఒక వంతు ఆముదానికి నాలుగు వంతులు కొబ్బరి నూనె కలపండి, ముందే దువ్వుకోండి, నీళ్లు పోసేటప్పుడు జుట్టును కిందికి వేలాడనివ్వండి, కుప్ప చేయకండి.

పిల్లలున్న ఇంట్లో నూనెకు ఇంకో పని పేలు. బాగా నూనె పట్టిస్తే పేలు మందగిస్తాయి, అప్పుడు సన్న పళ్ల దువ్వెనతో పాయలు పాయలుగా దువ్వితే రాలుతాయి. వారానికి రెండుసార్లు చొప్పున మూడు వారాలు ఓపిక పట్టాలి. మా వైపు బాలానగర్ సీతాఫలాలు బాగా దొరుకుతాయి కదా, ఆ గింజలు నూరి తలకు పెట్టే అలవాటు ఇంకా ఉంది. దయచేసి అది చేయకండి. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. మా వీధిలో ఒక పాప వారం రోజులు కళ్లు తెరవలేకపోయింది.

జిగురు వదిలించడానికి నూనెను మించింది లేదు. స్టీలు గిన్నె మీద ధర స్టిక్కర్, నుదుటి మీద బొట్టు బిళ్ల జిగురు, దెబ్బకు వేసిన ప్లాస్టర్ అంచు, వేలికి బిగుసుకున్న ఉంగరం, ఇరుకు గాజులు, అన్నిటికీ రెండు చుక్కలు చాలు. మామిడికాయలు కోసే రోజున కొల్లాపూర్‌లో మా ఆడబిడ్డ వాళ్లు ముందే చేతులకు నూనె రాసుకుంటారు, సొన తగిలినా చర్మం అంతగా కాలదు. హోలీకి కూడా ఇదే పద్ధతి. పారాఫిన్ ఎక్కువున్న మీ బాదం సీసాను ఇలాంటి పనులకు ఉంచేయండి.

బట్టల దగ్గర మాత్రం జాగ్రత్త, ఇది కుట్టుపని చేసేదానిగా చెబుతున్నాను. బీరువాలో సువాసన కావాలంటే దూదికి నాలుగు చుక్కలు వేసి, మూతకు చిల్లులు పెట్టిన చిన్న డబ్బాలో ఉంచండి, పట్టుచీర మడతల్లో నేరుగా పెట్టకండి. గద్వాల చీర మీద నూనె మరక పడితే వెంటనే నీళ్లు పోయకుండా, టాల్కం పౌడర్ గానీ శనగపిండి గానీ దట్టంగా చల్లి రాత్రంతా వదిలేయండి. పొద్దున దులిపేస్తే చాలావరకు పీల్చేసి ఉంటుంది. ఇంకో మాట, నూనె ఏదైనా ఒకటేనని కొబ్బరి నూనె కుట్టుమిషన్‌లో వేసేవాళ్లున్నారు. 24 డిగ్రీల దగ్గరే అది గడ్డకడుతుంది, డిసెంబరు పొద్దున మిషన్ కదలదు. మిగతా గింజల నూనెలు గాలికి జిగురుగా మారతాయి. మిషన్‌కు మిషన్ నూనే వేయాలి.

నూనె వాసన బట్టకు అందమిచ్చే చోటు ఒక్కటుంది, పుట్టపాక. అక్కడ తేలియా రుమాల్ నేసేవాళ్లు నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెడతారు. ఆ పేరే తేల్, అంటే నూనె అనే హిందీ మాట నుంచి వచ్చింది. కొత్త రుమాలు చేతిలోకి తీసుకుంటే మెత్తగా, సన్నటి నూనె వాసనతో ఉంటుంది. ఎప్పుడైనా అటు వెళితే తప్పకుండా ముట్టుకుని చూడండి.

లావెండర్ సీసా గురించి. మా అత్తమ్మది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి, మోకాళ్లు సరిగ్గా వంగవు. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నువ్వుల నూనెలో నాలుగు చుక్కలు లావెండర్ వేసి మోకాళ్లకు, అరికాళ్లకు పది నిమిషాలు మర్దన చేస్తాను. ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను ఏ నూనే తీయలేదు, అది నాకు తెలుసు. కానీ బిగుసుకున్న కండరాలు కాస్త వదులవుతాయి, ఆమెకు నిద్ర పడుతుంది. ఆ పది నిమిషాల్లోనే తన చిన్ననాటి సంగతులు చెబుతుంది. వాసన మారితే వెంటనే గుర్తుపట్టి అడుగుతుంది కూడా.

రేపు మీ ఇంట్లో చంటిబిడ్డ వస్తే ఈ నాలుగు సీసాలూ పైఅల్మారాలో పెట్టేయండి. చంటిపిల్లలకు వాసనలేని కొబ్బరి నూనె తప్ప ఏదీ వద్దు. కర్పూరం కలిపిన నూనె అసలే వద్దు, అది కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేసే అలవాటు పెద్దవాళ్లు ఎంత చెప్పినా ఒప్పుకోకండి. ముక్కులో వేసింది ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియా అవుతుంది.

సీసాలు ఎండ తగలని చోట, మూత బిగించి పెట్టండి. ఒక్కసారి తెరిచాక ఏడాది లోపు వాడేయండి, వాసన మారి చేదుగా అనిపిస్తే ఒంటికి రాయకండి. బాత్రూంలో నూనె రాసుకునేటప్పుడు కింద పాత తువ్వాలు పరుచుకోండి, అయ్యాక నేలను సబ్బునీళ్లతో కడగండి. మీ తర్వాత అదే బాత్రూంలోకి మీ అత్తయ్యగారో మామయ్యగారో వెళతారు కదా.