మేనరికం వల్ల కాదమ్మా

ప్రశ్న: డాక్టరు గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. బాబుకి పదో నెల. ఒంటిమీద ఎర్రగా పొక్కి రసి కారుతోంది. చెవిలో చీము తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. విరేచనంలో నెత్తురు జీరలు. ప్లేట్‌లెట్లు ఇరవై ఎనిమిది వేలే. 'విస్కాట్-ఆల్డ్రిచ్ సిండ్రోమ్ కావచ్చు, కణం అస్థిపంజరంలో లోపం' అన్నారు. అంటే ఎముకల జబ్బా? మాది మేనరికం, అందుకే ఇలా అయిందని అత్తయ్య అంటున్నారు. మా అమ్మకి నా ముందు పుట్టిన మగబిడ్డ కూడా నెత్తురు పోయి ఏడాది లోపే పోయాడట. నాలుగేళ్ళ మా పెద్దపాప బాగానే ఉంది. చాలా టెన్షన్‌గా ఉందండి.

జవాబు: అమ్మా, ముందు మేనరికం సంగతి. ఈ జబ్బు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లాడికి అది ఒకటే, అదీ తల్లి వైపు నుంచే వస్తుంది. మీకు బయటి సంబంధం చేసినా ఇంతే. 1937లో విస్కాట్ అనే డాక్టరు ఈ జబ్బు చూసింది ముగ్గురు అన్నదమ్ముల్లో; వాళ్ళ అక్కచెల్లెళ్ళకి ఏమీ లేదు. మేనరికాల్లో ఎక్కువగా కనిపించే ఇమ్యూనిటీ జబ్బులు వేరే ఉన్నాయి, వాటికి ఇద్దరి నుంచీ లోపం రావాలి. మీ అన్న సంగతి డాక్టరుకి తప్పక చెప్పండి, అది చాలా పెద్ద ఆధారం.

ఎముకలకీ దీనికీ సంబంధం లేదు. ప్రతి కణంలో ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులుంటాయి; కణం అస్థిపంజరం అన్నది వీటినే. పెళ్ళికి తాటాకు పందిరి వేసి, అయ్యాక విప్పేసినట్టు, కణం తనకి ఎటు అవసరమో అటు వీటిని అల్లుకుని, పనవగానే విప్పేస్తుంది. రక్తకణాల్లో ఆ అల్లిక మొదలుపెట్టించేది వాస్ప్ అనే ప్రొటీన్. అది లేకపోతే తెల్లకణం క్రిమి ఉన్నచోటికి సరిగ్గా పాకలేదు. టీ కణం అనే ఒక రకం తెల్లకణం ఎదుటి కణాన్ని గట్టిగా పట్టుకుని క్రిమిని గుర్తించలేదు. ప్లేట్‌లెట్లు చిన్నవిగా తయారై, ప్లీహంలో త్వరగా నాశనమైపోతాయి. రిపోర్టులో ఎంపీవీ అన్న అంకె చూడండి, అది ప్లేట్‌లెట్ల సగటు సైజు. ప్లేట్‌లెట్లు తగ్గే జబ్బులు చాలా ఉన్నాయి గానీ, తగ్గడమే కాక చిన్నవిగా కూడా ఉంటే అనుమానం దీని మీదికే పోతుంది.

ఈ జన్యువులో లోపం మోసే తల్లులకి ఏ జబ్బూ ఎందుకుండదో తెలుసా? వాళ్ళ మూలుగలో మంచి జన్యువు పనిచేసే కణాలూ, లోపమున్న కణాలూ రెండూ పుడతాయి. లోపమున్నవి ఎదిగే దశలోనే వెనకబడిపోతాయి, రక్తంలో దాదాపు మంచివే మిగులుతాయి. రక్తకణం ఎదగడానికే ఈ ప్రొటీన్ ఎంత అవసరమో దీన్ని బట్టే తెలుస్తుంది. నాకు ఈ విషయం ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే.

ఇక జాగ్రత్తలు. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వద్దు. ఆశా కార్యకర్త పోలియో చుక్కలకి వస్తే బాబు సంగతి చెప్పి ఆపండి. పాపకి కూడా చుక్కల బదులు ఇంజెక్షన్ గురించి అడగండి. రక్తం గానీ ప్లేట్‌లెట్లు గానీ ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చినవే కావాలనండి.

రక్తకణాల్లో వాస్ప్ ఉందో లేదో చూసే ఫ్లో సైటోమెట్రీ, ఆపైన జన్యు పరీక్ష చేయించండి. జబ్బు ఇదేనని తేలితే పూర్తిగా నయం చేసే దారి మూలుగ మార్పిడి. ఈ జబ్బుకి 1968లోనే చేశారు; వేలూరు సీఎంసీలో మూలుగ మార్పిడి విభాగం ఉంది. ఐదేళ్ళ లోపు చేయిస్తే ఫలితం బాగుంటుంది కాబట్టి, 'కాస్త పెద్దవాడయ్యాక చూద్దాం' అనే మాట ఇంట్లో ఎవరన్నా వినకండి. తోబుట్టువు మూలుగ సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. పాప మూలుగ బాబుకి సరిపోతుందో లేదో చూసే హెచ్ఎల్ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలో ఈసారి వెళ్ళినప్పుడే అడగండి.