సవర పాటలు తెలుగులో చప్పగా అయిపోతున్నాయన్న ప్రశ్నకు

మాస్టారూ, శ్రీకాకుళం జిల్లా మందస కొండల్లో సేకరించిన సవర గిరిజనుల పాటల్ని తెలుగు చేస్తే ఫారెస్టు గార్డు మీది కోపం కాస్తా ఉత్త ప్రకృతి వర్ణన అయిపోతోందన్నారు. లోపం అనువాదంలో కాదు, కోతలో ఉంది.

సవర పాటలో ఒక పాదం పాడాక అదే సంగతిని వేరే మాటల్లో జంటపాదంగా పాడటం రివాజు. దాన్ని మీరు పునరుక్తి అని తీసేశారు. మొదటి పాదంలో ‘అడవి’ అని, రెండో దాంట్లో ‘తాతలు నరికి విత్తిన చోటు’ అని ఉందనుకోండి. రెండోది పోతే హక్కు అడిగే గొంతే పోతుంది! రెండూ ఉంచండి, అంత్యప్రాసల జోలికి పోకండి.

ప్రతి పాదానికీ మూడు వరసలు రాయండి: విన్నది విన్నట్టు, కింద మాటకు మాట, ఆ కింద తెలుగు. సవరలో గొంతు దగ్గర ఊపిరి టక్కున ఆగే ధ్వనికి తెలుగులో అక్షరం లేదు. అక్కడ ఒక కామా గుర్తును కాస్త పైకెత్తి పెట్టి, ముందుమాటలో చెప్పేయండి. అనుమానం వస్తే గిడుగు రామమూర్తి గారి 1938 నాటి సవర–ఇంగ్లీషు నిఘంటువు చూడండి. గార్డు, పట్టా లాంటి మాటలు పాటలో ఎలా పలికితే అలాగే ఉంచాలి. పరాయి సర్కారు ఆ భాషలోకి దిగబడిన జాడలవి.

ఇంకోటి. పాటలో గార్డు ఉన్నాడని ఆ పాట తెల్లదొరల 1882 మద్రాసు అటవీ చట్టం నాటిదని రాసేయకండి. తెల్లదొర పోయినా గార్డు పోలేదు కదా. పాడినామెను అడిగి, ఎవరి దగ్గర నేర్చుకుందో అదే రాయండి.